పంపినవాడే బయలుదేరాడు
మానుకోట సీమ చరిత్ర – 11వ భాగం

కేసముద్రంలో బెజవాడ వైపు వెళ్లే ప్యాసింజరు ఎక్కితే తాళ్లపూసపల్లి, మానుకోట అని మనం పిలిచే మహబూబాబాద్, గుండ్రాతిమడుగు, గార్ల దాటాక డోర్నకల్ వస్తుంది. ఈ పట్టాలు ఇటు ఎందుకు పడ్డాయో పోయిన భాగంలో చెప్పుకున్నాం. ఇల్లెందు బొగ్గు కోసం నిజాం రైల్వే ఈ అడవుల్లోకి వచ్చింది, 1889 కల్లా బెజవాడతో కలిసింది. ఆ దారిన బొగ్గు పోయింది, ధాన్యం పోయింది, కొత్త మనుషులు వచ్చారు. అలా వచ్చిన ఒక తమిళుడి కథ ఇది.

1909లో ఆయన డోర్నకల్‌లో దిగేనాటికి అది జంక్షన్ అన్న పేరే తప్ప పెద్ద ఊరేం కాదు. ఆయన దొర కాదు, దొరల కొలువులో వచ్చిన గుమాస్తా కాదు. మద్రాసులో వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా పద్నాలుగేళ్లు పనిచేసి దేశమంతా తిరిగినవాడు, ఇంగ్లీషులో గొప్ప వక్త. తెలుగు రాదు. ముప్పై అయిదో ఏట, పిల్లలు పుట్టి సంసారం కుదురుకున్నాక, ఓనమాల దగ్గర్నుంచి కొత్త భాష నేర్చుకుంటూ మానుకోట తాలూకాలో పల్లెలు తిరగడానికి వచ్చాడు. పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. మూడేళ్ల తరువాత ఆయన ఇంగ్లండు చర్చి పరంపరలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యారు. చరిత్ర పుస్తకాల్లో ఆయన పేరు పక్కన కనిపించేది ఆ ‘మొట్టమొదటి’ అన్న మాటే. నాకు మాత్రం ఆ పదవి కన్నా, దానికి మూడేళ్ల ముందు ఆయన ఇక్కడ రైలు దిగడమే పెద్ద సంగతి. తరువాత ముప్పై ఆరేళ్లు ఈ ప్రాంతంలో ఆయన మాట చెల్లడానికి కారణం అక్కడుంది.

పుట్టింది 1874 ఆగస్టు 17న, తిరునల్వేలి సీమలోని వెళ్ళాళన్‌విళైలో. తండ్రి థామస్ వేదనాయగం పల్లెటూరి చర్చి గురువు. తల్లి ఎలెన్. వాళ్లది నాడార్ కులం. తాటిచెట్లెక్కి బతికిన కులం అది. ఆలయ ప్రవేశానికీ, ఆడవాళ్లు పైబట్ట కప్పుకునే హక్కుకూ పోరాడవలసి వచ్చిన కులం. అజరయ్య పదిహేనో ఏట తండ్రి పోయాడు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివినా డిగ్రీ చేతికి రాకుండానే చదువు ఆగిపోయింది. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చినప్పుడు, అది డిగ్రీ లేని మనిషికి ఇచ్చిన డాక్టరేటు.

1902లో ఆయన సిలోనులోని జాఫ్నా వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు సొంత డబ్బుతో, సొంత మనుషులతో ఒక మిషన్ నడుపుతున్నారు. తిరునల్వేలిలో క్రైస్తవం వేళ్లూనుకుని అప్పటికే నూరేళ్లు దాటింది. అయినా ఇంకో ఊరికి సువార్త చెప్పాలంటే లండన్ నుంచి దొర రావాలి, లండన్ నుంచి డబ్బు రావాలి. ఇది ఆయన్ని బాధించింది. తిరిగొచ్చాక 1903 ఫిబ్రవరి 12న పాళయంకోటలో కొందరితో కలిసి ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టారు. మనుషులు మనవాళ్లే, డబ్బు మనదే, నిర్వహణ మనదే అన్నది దాని కట్టుబాటు. ఆ సంఘం తన పనికి ఎంచుకున్న ప్రాంతం నైజాం రాజ్యంలోని మానుకోట తాలూకా. 1904లో శామ్యూల్ పాక్యనాథన్ అనే తమిళ యువకుణ్ని ఇటు పంపారు. 1905 క్రిస్మస్ రోజున బెంగాల్‌లోని శ్రీరాంపురంలో నేషనల్ మిషనరీ సొసైటీ పుట్టింది. దాని వెనకా అజరయ్యే ఉన్నారు.

సంఘాలు పెట్టడం అంత అరుదేమీ కాదు. కార్యదర్శులు ఎప్పుడూ దొరుకుతారు. సభల్లో నిలబడి కుర్రవాళ్లను ఉద్దేశించి, మీలో ఎవరు వెళతారు, ఊరూ వాడా విడిచి తెలియని దేశంలో ఎవరు బతుకుతారు అని అడిగేవాళ్లూ దొరుకుతారు. అజరయ్య చాలా ఏళ్లు ఆ పనే చేశారు, బాగా చేశారు. ఆయన మాట విని వెళ్లినవాళ్లు ఉన్నారు. కానీ 1909లో ఆయన ఆ కుర్చీ దిగి, గురువుగా అభిషేకం పొంది, తాను మనుషుల్ని పంపుతూ వచ్చిన చోటికే భార్యాబిడ్డలతో వచ్చేశారు. పంపినవాడే బయలుదేరాడు. ఒక మత నాయకుడి జీవితంలో ఇంతకన్నా సూటిగా కొలవదగ్గ విషయం ఇంకోటి నాకు కనబడదు.

మరుసటి ఏడు, 1910 జూన్‌లో, స్కాట్లాండులోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. పన్నెండు వందల మందికి పైగా ప్రతినిధులు వచ్చారు. ఆసియా వాళ్లు ఇరవై మంది కూడా లేరు. అధ్యక్ష పీఠం మీద జాన్ మాట్. లోకమంతా తిరిగి సువార్త చెప్పివచ్చిన పెద్దలంతా ఆ హాల్లో ఉన్నారు. విదేశీ మిషనరీలూ దేశీయ పనివాళ్లూ కలిసి పనిచేయడం గురించి మాట్లాడమని అజరయ్యను అడిగారు. ఆయన నాలుగు మంచి మాటలు చెప్పి, చప్పట్లు కొట్టించుకుని కూర్చోవచ్చు. అలా చేయలేదు.

మిషనరీ దొరకూ దేశీయ గురువుకూ మధ్య ఉన్నది యజమాని–నౌకరు సంబంధమేనని చెప్పారు. ఒకే జిల్లాలో ఏళ్ల తరబడి కలిసి పనిచేస్తూ కూడా ఒకరింట్లో ఒకరు కూర్చుని భోంచేయనివాళ్లు ఉన్నారన్నారు. పైనుంచి కిందికి జారవిడిచే దయ స్నేహం కాదన్నారు. చివర్లో, మీరు మీ సొత్తు పేదలకు పంచారు, మీ దేహాలను కాల్చబడటానికి అప్పగించారు, మాకు మీ ప్రేమ కూడా కావాలి, మాకు స్నేహితులను ఇవ్వండి అన్న అర్థంలో ముగించారు. బైబిలు తెలిసినవాళ్లందరికీ ఆ మాటలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదమూడో అధ్యాయం వైపు చూస్తున్నాయని అర్థమైంది. ఆస్తంతా పంచినా, ప్రాణమిచ్చినా ప్రేమ లేకపోతే అంతా వ్యర్థమని చెప్పే అధ్యాయం అది. వాళ్లు జీవితమంతా బోధించిన వాక్యాన్నే తెచ్చి వాళ్ల ముందు పెట్టారన్నమాట. కొందరు మిషనరీలకు కోపం వచ్చింది. మరికొందరు ఇన్నాళ్లకు ఎవరో ఒకరు ఈ మాట అన్నందుకు సంతోషించారు. ఆ మహాసభలో జరిగిన ప్రసంగాల్లో నేటికీ జనం తలుచుకునేది ఇదే.

ఎదుటివాణ్ని తప్పుపట్టడానికి ధైర్యం చాలు. ఆ తప్పే చేసే అవకాశం తనకు వచ్చినప్పుడు చేయకుండా ఉండటం అసలు పరీక్ష. అజరయ్యకు ఆ పరీక్ష రెండేళ్లలోనే వచ్చింది.

మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ ఈయనను బిషప్ చేయాలని పట్టుబట్టారు. అభ్యంతరాలు చాలా వచ్చాయి. ఇంగ్లీషు గురువులు నల్లవాడి కింద పనిచేస్తారా అన్నది పైకి కొంచెం మర్యాదగా, లోపల చాలా గట్టిగా వినిపించిన ప్రశ్న. దేశీయ క్రైస్తవుల్లోనూ అందరూ సంతోషించలేదు. తమలో ఒకణ్ని పై మెట్టున చూడటం కులం, ప్రాంతం ఉన్న సమాజంలో ఎప్పుడూ అంత తేలిక కాదు. చివరికి 1912 డిసెంబరు 29న కలకత్తా సెంట్ పాల్స్ కతీడ్రల్‌లో అభిషేకం జరిగింది. డోర్నకల్ డయాసిస్ (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) అని కొత్తగా ఒకటి ఏర్పడింది. మొదట అది చిన్నది. 1920ల మొదట్లో బందరు, బెజవాడ, ఏలూరు వైపు మిషన్లు కూడా దానిలో కలిశాయి. దాంతో చాలా ఏళ్లుగా తెలుగుదేశంలో ఉన్న ఇంగ్లీషు మిషనరీలు తిరునల్వేలి పల్లెటూరి మనిషి అధికారం కిందికి వచ్చారు. నల్లవాడి కింద పనిచేస్తారా అన్న ప్రశ్నకు జవాబు అలా దొరికింది.

ఆయన కాపరిగా ఉన్న జనం ఎవరు? ఎక్కువమంది మాలలు, మాదిగలు. ఈ సీమలో అప్పటి పల్లె ఎలా ఉండేదో ఈ ధారావాహికలో ఇంతకుముందే చూశాం. దొరల గడీలు, పటేలు పట్వారీల పెత్తనం, వెట్టి. గడీ నుంచి కబురొస్తే చేతిలో పని వదిలి పోవాలి. కూలి లేదు, అడిగే నోరు లేదు. ఊరి బావి ముట్టుకోకూడదు. ఇలాంటి వాడకు మిషన్ ఇచ్చిన మొదటి వస్తువు ఒక టీచరు. పల్లె టీచరు, ఆయన భార్య వచ్చి వాడలోనే ఒక గుడిసెలో కాపురముండేవారు. పగలు పిల్లలకు, పనుల నుంచి తిరిగొచ్చాక పెద్దవాళ్లకు చదువు. ఆదివారం ఆరాధన. ఉత్తరం వస్తే చదివేదీ, అర్జీ రాసిపెట్టేదీ ఆయనే. 1935 నాటికి డోర్నకల్ డయాసిస్‌లో సుమారు 250 మంది దేశీయ గురువులు, రెండు వేల మందికి పైగా పల్లె టీచర్లు ఉన్నారు. 1940ల నాటికి డయాసిస్ జనం రెండు లక్షలు దాటారు. ఈ లెక్కలు చూసి ఘనత అంతా బిషప్‌దేనని రాసేవాళ్లు ఉన్నారు. నా లెక్కలో అందులో ఎక్కువ వాటా గుడిసెలో కాపురమున్న ఆ టీచరుదీ, ఆయన భార్యదీ.

బిషప్ పల్లెకు వచ్చినప్పుడు ఏం జరిగేదో కాస్త దగ్గరగా చూడాలి. రైలు దిగి ఎడ్లబండి మీద వస్తారు. డప్పులతో ఎదురెళ్తారు. సంఘంలో పూర్తి సభ్యులయ్యే కన్ఫర్మేషన్ కోసం నేర్చుకున్నవాళ్లు వరసగా కూర్చుంటారు. ప్రభువు నేర్పిన ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు ఒప్పజెప్పాలి. ఆ తరువాత ఒక్కొక్కరే వచ్చి మోకరిస్తే బిషప్ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థిస్తారు. ప్రపంచమంతటా ఆ చర్చిలో జరిగే తంతే ఇది. లండన్‌లో దానికి అంతకుమించి అర్థం లేకపోవచ్చు. కానీ నీడ పడితేనే మైలన్న ఊళ్లో, తాకితే స్నానం చేయవలసిన మనిషి తల మీద, ఆ రాజ్యంలో దొరలతో సమానంగా కూర్చునే మనిషి చెయ్యి పడటం! ఒక్కరి తల మీద కాదు, వరసలో ఉన్న ప్రతి తల మీదా. తరువాత ప్రభు భోజనం. ఒకటే రొట్టె, ఒకటే పాత్ర. ముందు బిషప్ తాగుతారు, అదే అంచు నుంచి అందరూ తాగుతారు. ఎడింబరోలో ఆయన అడిగింది కలిసి తినమని. ఇక్కడ ఆయన ప్రతి పల్లెలోనూ ఆ పని చేశారు.

బాప్తిస్మం పొందినవాళ్ల చేత ఆయన ఇంకొకటి చేయించేవారు. తమ చెయ్యి తమ నెత్తిన పెట్టుకుని, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అన్న పౌలు భావంతో ప్రమాణం చేయాలి. ఇది కొత్తగా చేరిన, చదువురాని కూలీల చేత. బోధించే పని పెద్దలది, వినే పని పేదలది అన్న విభజన అక్కడితో పోయింది. ఇవాళ విన్నవాడే రేపటి బోధకుడు. దీనికి ఇంకో వైపూ ఉంది. ఊళ్లో అందరూ ఆ మనిషిని కనిపెట్టి చూస్తుంటారు. నిన్నటిదాకా తాగినవాడు ఇప్పుడు తాగుతున్నాడా లేదా? భార్యను కొడుతున్నాడా? బాకీ తీరుస్తున్నాడా? మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగింటినీ వదలగొట్టమని అజరయ్య పల్లెపల్లెలో చెప్పేవారు. చెప్పింది చేయడం అన్న పరీక్ష బిషప్‌తో ఆగలేదు, వాడలో చివరి గుడిసె దాకా పోయింది. 1930లలో కొన్నిచోట్ల శూద్ర కులాల వాళ్లు కూడా సంఘాల్లో చేరడం మొదలైంది. మాల మాదిగల బతుకులో వచ్చిన మార్పును కళ్లారా చూసి వీళ్లు వచ్చారని అజరయ్య నమ్మారు, రాశారు. వైట్‌హెడ్‌తో కలిసి 1930లో ఆయన ఇంగ్లీషులో వేసిన భారతీయ గ్రామాల పుస్తకమూ ఈ దారిలోనిదే.

అప్పు వద్దని చెప్పే మనిషి ఇంట్లో పెళ్లి ఎలా జరిగింది అని అడగడం న్యాయమైన ప్రశ్న. 1898లో ఆయన అన్బు మరియమ్మాళ్‌ను పెళ్లాడారు. దక్షిణాదిలో కాలేజీ మెట్లెక్కిన తొలితరం క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. ఆ పెళ్లి నిరాడంబరంగా జరిగిందనీ, కట్నం ముట్టలేదనీ ఆయన జీవిత చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. డోర్నకల్‌లో ఆడపిల్లల చదువు, తల్లుల సంఘాలు, గురువుల భార్యల శిక్షణ ఆమె చేతుల మీదుగా నడిచాయి. అక్కడి గురుత్వ పాఠశాలలో భర్తలతోపాటు భార్యలకూ చదువు చెప్పేవారు. చదువుకున్న భర్త, చదువురాని భార్య కలిసి పల్లెకు పోతే సగం పనే జరుగుతుందని వాళ్లకు అనుభవంతో తెలుసు. అన్బు అమ్మగారి గురించి విడిగా ఒక భాగం రాయాలి. ఇక్కడ ఒక్క పేరాతో దాటిపోవడం నాకు కష్టంగానే ఉంది.

డబ్బు సంగతికి వస్తే, ఇవ్వడం గురించి అజరయ్య ఒక పుస్తకమే రాశారు. పేదవాళ్ల సంఘం కూడా తన ఖర్చు తానే భరించాలని ఆయన పట్టుదల. మిషన్ పెట్టినప్పుడు అది తమిళుల మీద వాళ్లే పెట్టుకున్న నియమం. తెలుగు పల్లెలకూ అదే చెప్పారు. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా తల్లి ఒక పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేస్తుంది. ఆదివారం ఆ బియ్యం గుడికి చేరుతుంది. కోత పండుగ నాడు కోళ్లు, గుమ్మడికాయలు, జొన్నకంకులు, ఎవరికి ఏది పండితే అది. కడుపు నిండని ఇంటి నుంచి పిడికెడు అడగడం కఠినం కాదా అని నేటి పాఠకుడికి అనిపించవచ్చు. నాకూ ఆ ప్రశ్న ఉంది. అయితే ఆ రోజుల్లో అదే ఇంటి నుంచి గడీ అడగకుండానే తీసుకుపోయేది. అడిగి, లెక్క రాసి, ఆ డబ్బుతో వాళ్ల ఊళ్లోనే టీచరును నిలబెట్టడం వేరే సంగతి. ఇచ్చే చెయ్యి ఉన్న మనిషి, ఊళ్లో మొదటిసారి, అడిగే గొంతు కూడా తెచ్చుకున్నాడు.

డోర్నకల్‌లో ఎపిఫనీ కతీడ్రల్ కట్టడానికి చాలా ఏళ్లు పట్టింది. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. ఇంగ్లండు గోతిక్ గోపురాన్ని తెచ్చి ఇక్కడ నిలబెట్టలేదు. గుడి మండపాన్ని తలపించే రాతి స్తంభాలు, మసీదును తలపించే గుమ్మటాలు, వాటి మధ్య సిలువ. ఈ సీమలో ఎవరు ఎలా దేవుణ్ని కొలుస్తారో ఆ ఆకారాలన్నింటినీ గౌరవంతో తీసుకున్న కట్టడం అది. ఆరాధనలోనూ తెలుగు కీర్తనలు, భజనలు, కోలాటం ఉండాలని ఆయన కోరుకున్నారు. తాను తమిళుడై ఉండి, తన భాషలోని పాటను తెచ్చి రుద్దకపోవడం కూడా వినయమే.

ఆయనతో విభేదించినవాళ్లలో గాంధీజీ అంతటివారు ఉన్నారు. ఈ సామూహిక మతమార్పిడులు గాంధీజీకి నచ్చలేదు. మారిన బతుకుల గురించి అజరయ్య చెప్పినదాన్ని ఆయన ఒప్పుకోలేదు, హరిజన్ పత్రికలో ప్రశ్నించారు. పేదవాడికి తన ఆత్మ సంగతి తాను తేల్చుకునే తెలివి ఉందని అజరయ్య వాదన. ఆ తగాదా ఇప్పటికీ తెగలేదు, ఇక్కడ నేను తెంచబోవడం లేదు. కానీ ఒక విషయం మరవకూడదు. రాజకీయాల్లో క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇస్తామన్నప్పుడు అజరయ్య వాటిని వ్యతిరేకించారు. తన జనానికి విడిగా బలం వస్తుంది, ఆ బలానికి తానే పెద్ద అవుతారు. అయినా వద్దన్నారు. సంఘం ఒక రాజకీయ ముఠా అయిపోతే చెప్పే సువార్తకు అర్థం ఉండదని ఆయన భయం. సంఖ్య పెరిగిన కొద్దీ పదవులు అడగడం నేర్చుకున్న నాయకులకు ఈ ఒక్క నిర్ణయం చాలాకాలం చదువుకోదగ్గ పాఠం.

1935 అక్టోబరులో యేవలాలో అంబేద్కర్ తాను హిందువుగా చావనని ప్రకటించారు. అన్ని మతాల పెద్దలూ ఆయన వైపు చూశారు. క్రైస్తవంలో చేరితే మేం ఏ చర్చిలో చేరాలి, మా జనమంతా ఒకటిగా ఉండగలమా అని అంబేద్కర్ అడిగారనీ, దానికి తన దగ్గర జవాబు లేకపోయిందనీ అజరయ్య చెప్పుకున్నట్టు చర్చి ఐక్యత చరిత్రలో తరచు వినిపిస్తుంది. బోధలో క్రీస్తు శరీరం ఒక్కటే. ఊళ్లోకి వస్తే ఆంగ్లికన్, బాప్టిస్టు, లూథరన్, మెథడిస్టు, ఎవరి గుడి వారిదే, ఎవరి దొర వారిదే. హనుమకొండలో అమెరికన్ బాప్టిస్టులు, మెదక్‌లో ఇంగ్లండు మెథడిస్టులు, ఇక్కడ ఆంగ్లికన్లు. పక్క పక్క తాలూకాల్లో ఒకే కులం జనం వేర్వేరు దేశాల గొడవల్ని వారసత్వంగా మోశారు. ఈ తేడా అజరయ్యను అంతకుముందే కలవరపెట్టింది. 1919 మే నెలలో తరంగంబాడిలో కొందరు గురువులు కూర్చుని చర్చిలను కలపాలని ప్రకటన చేశారు. దానికి ముందు నిలిచినవాళ్లలో ఆయన ఒకరు. 1927లో లూసాన్‌లో జరిగిన ప్రపంచ చర్చిల మహాసభలోనూ ఐక్యత గురించే మాట్లాడారు.

కలపడం అంటే ఏమిటి? బిషప్పులు లేని చర్చిలు బిషప్పును ఒప్పుకోవాలి. బిషప్పులున్న చర్చి, ఏ బిషప్ చేతా అభిషేకం పొందని గురువులను తమ సాటివారిగా ఒప్పుకోవాలి. అంటే ప్రతి ఒక్కరూ తమ గొప్ప అనుకున్నదాంట్లో కొంత వదులుకోవాలి. ఇరవై ఎనిమిదేళ్లు చర్చలు సాగాయంటే ఆ వదులుకోవడం ఎంత కష్టమో అర్థమవుతుంది. ఆంగ్లికన్ బిషప్ పదవి ఎక్కిన తొలి భారతీయుడే ఆ పదవికున్న ప్రత్యేకతను తగ్గించే పనిలో జీవితపు చివరి పాతికేళ్లు గడిపారు. వినయం గురించి ఆయన చేసిన ప్రసంగాలకంటే ఈ పని నాకు ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది.

ఆయన్ని దేవతను చేయను. అజరయ్య పట్టుదల మనిషి. క్రమశిక్షణ విషయంలో కఠినుడు. తండ్రి పిల్లలను చూసినట్టు సంఘాలను చూశారు. పిల్లలు పెద్దవాళ్లయ్యారన్న సంగతి తండ్రులకు ఆలస్యంగా తెలుస్తుంది. మాల మాదిగల మధ్య ఉన్న ఎడం గుడిలోకి వచ్చినా పూర్తిగా పోలేదు. ఒకే పాత్రలో తాగినవాళ్లు బయటికి వచ్చాక పెళ్లి సంబంధాల దగ్గర, ఉద్యోగాల దగ్గర మళ్లీ కులాన్నే చూసుకున్నారు. ఆ గాయం తెలుగు సంఘాల్లో ఇప్పటికీ పచ్చిగానే ఉంది. బిషప్ కుర్చీకి ఉన్న అధికారం అజరయ్య చేతిలో సేవకు పనికొచ్చింది. కానీ కుర్చీలో ఎవరు కూర్చున్నా అడిగేవాడుండాలన్న ఏర్పాటు ఆ రోజుల్లోనే ఇంకా గట్టిగా జరిగి ఉండాల్సింది. తరువాతి దశాబ్దాల్లో చర్చి ఆస్తుల గురించి, ఎన్నికల గురించి తెలుగునాట కోర్టుల దాకా పోయిన తగాదాలు చూసినవాళ్లకు ఈ మాట వివరించనక్కరలేదు.

1945 జనవరి 1న డోర్నకల్‌లోనే ఆయన కన్నుమూశారు. అక్కడే సమాధి. సరిగ్గా రెండు వారాలకు, జనవరి 15న, కృష్ణా జిల్లా పెద అవుటపల్లిలో బ్రదర్ జోసఫ్ తంబి పోయారు. ఆయనా తమిళం మాట్లాడే ఇంటి నుంచి తెలుగు పల్లెకు వచ్చినవారే. కాథలిక్కు, అస్సీసి ఫ్రాన్సిస్ మార్గంలో మూడో సభకు చెందినవారు. పదవి లేదు, డయాసిస్ లేదు, ఆస్తి లేదు. ఒకరు అంత పెద్ద కుర్చీలో కూర్చుని, మరొకరు ఏ కుర్చీ లేకుండా. ఆ ఇద్దరి దారులు కలిసినట్టు ఆధారం లేదు, ఒకే నెలలో పోవడం కాకతాళీయమే. ఇప్పటికీ ఏటా అవుటపల్లికి కులమతాలతో పని లేకుండా జనం పోతారు. చెప్పినదాన్ని బతికినవాణ్ని గుర్తుపట్టడానికి తెలుగు పల్లెకు ఏ వేదాంత శాస్త్రమూ అక్కర్లేకపోయింది.

1947 సెప్టెంబరు 27న మద్రాసు సెంట్ జార్జి కతీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. సి.ఎస్.ఐ. అని మనం పిలిచేది దాన్నే. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటీరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు ఒక్కటయ్యారు. అజరయ్య ఆ రోజు చూడలేదు. కేసముద్రం చుట్టుపక్కల సి.ఎస్.ఐ. సంఘాలు ఇవాళ్టికీ డోర్నకల్ డయాసిస్‌లోనే ఉన్నాయి. 2016లో జిల్లా మారి మనం వరంగల్ నుంచి మహబూబాబాద్‌లోకి వచ్చాం. డయాసిస్ మాత్రం మారలేదు.

ఈ భాగం రాసేటప్పుడు ఒక వెలితి అడుగడుగునా తగిలింది. బిషప్ గురించి ఇంగ్లీషులో లావుపాటి పుస్తకాలున్నాయి. పాక్యనాథన్ పేరు కనీసం మిగిలింది. ఆ రెండు వేల మంది పల్లె టీచర్లు, వాళ్ల భార్యలు ఎవరు? ఏ ఊరివాళ్లు, ఏ వాడలో ఎన్నేళ్లున్నారు, ఏ దొర మనుషుల చేత దెబ్బలు తిన్నారు? వాళ్ల పేర్లు కొన్ని చోట్లే ఉంటాయి. గుళ్లలోని పాత బాప్తిస్మ రిజిస్టర్లలో, కానుకల పుస్తకాల్లో, కుటుంబ బైబిళ్ల మొదటి పేజీల్లో.

కేసముద్రం, ఇనుగుర్తి, నెల్లికుదురు, గూడూరు, మహబూబాబాద్ వైపు సంఘాల పెద్దలకూ, అయ్యగార్లకూ నా మనవి. గుడికి కొత్త స్లాబు వేసేటప్పుడు, బీరువా మార్చేటప్పుడు చెద పట్టిన ఆ పుస్తకాలను పారేయకండి. పేజీ పేజీ ఫోన్‌తో ఫొటో తీయించండి. ఎనభై దాటిన అమ్మమ్మలుంటే తమ ఊళ్లో మొదటి టీచరు ఎవరో అడిగి రాసుకోండి. మీ ఊరి పేరుతో పత్రికకు పంపండి, వచ్చినవి వచ్చినట్టే ఈ ధారావాహికలో వేస్తాను.

(సశేషం)